సగం గ్లాసు నీళ్ళ బరువు

సైకిల్లో కంటికి ఆనేవి చాలా ఉంటాయి. ఫ్రేము, రంగు, హ్యాండిల్ వంపు, గేర్లు. కొన్నవాళ్ళు వాటి గురించే చెప్తారు, చూసినవాళ్ళు వాటి గురించే అడుగుతారు. ట్యూబు గురించి ఎవరూ అడగరు. అది టైరు లోపల చీకట్లో పడి ఉంటుంది. పంచరైన రోజు తప్ప బయటికి రాదు. అలాంటి ట్యూబు గురించి నేను దాదాపు నెల రోజులు ఆలోచించాను. నాలుగు రకాలు సంపాదించి వంటింట్లో తూకం మీద పెట్టి చూశాను. "ఉప్మారవ్వ తూచుకునే దాని మీద ఆ రబ్బరేంటే" అని అమ్మ కేకలేసింది కూడా.

ఇదంతా ఒక 300 కిలోమీటర్ల బ్రెవే కోసం. బ్రెవే పందెం కాదు. మొదట ఎవరొచ్చారన్న లెక్క ఉండదు. ఇచ్చిన గడువులోపల పూర్తి చేయాలి, అంతే. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. వెనకాల మనవాళ్ళు కారులో రాకూడదు. ఎవరి తిప్పలు వాళ్ళు పడాలి. దారిలో కొట్టు కనిపిస్తే టీ తాగొచ్చు, పంచరు షాపు కనిపిస్తే పంచరు వేయించుకోవచ్చు. 200 రెండుసార్లు చేశాను. అది తెల్లవారుజామున మొదలై సాయంత్రానికి అయిపోతుంది. 300 అలా కాదు. నా వేగానికి చివరి ఆరేడు గంటలు చీకట్లోనే తొక్కాలి.

మా గుంపులో అనుభవం ఉన్నవాళ్ళని ఏం సిద్ధం చేసుకోమంటారని అడిగితే ఎక్కువమంది ఒకటే చెప్పారు: "ముందు ట్యూబులు మార్చు. చక్రం బరువు తగ్గితే బండి బరువు తగ్గినదానికంటే రెట్టింపు లాభం. తక్కువ ఖర్చులో అయిపోయే పని అదొక్కటే." ఆ మాటలో నిజమెంత, మిగతాది ఎంత అని చూడటానికే తూకం తీశాను.

మామూలు నల్ల బ్యూటైల్ ట్యూబు, 28 మిల్లీమీటర్ల టైరుకు సరిపోయేది, 106 గ్రాములు తూగింది. అదే బ్యూటైల్‌లో పల్చటి రకం 78. లేటెక్స్ ట్యూబు 84. టీపీయూ ట్యూబు 37.

చేతిలోకి తీసుకుంటే ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. బ్యూటైల్ మనందరికీ చిన్నప్పటినుంచీ తెలిసిందే. నల్లగా, మందంగా, కాస్త పౌడరు రాసినట్టు, తెరిస్తే సైకిల్ షాపు వాసన. లేటెక్స్ లేత గులాబీ రంగులో, పుట్టినరోజు బుడగలా మెత్తగా ఉంటుంది. లాగితే లాగినంత సాగుతుంది. టీపీయూ మాత్రం రబ్బరులానే ఉండదు. పేరు పెద్దది, థర్మోప్లాస్టిక్ పాలీయురెథేన్. మన ఫోన్లకు వేసుకునే మెత్తటి వెనక కవర్లు చాలావరకు దీనితోనే చేస్తారు. మడిస్తే పాల ప్యాకెట్టులా చప్పుడు చేస్తుంది. మడత పెట్టి కట్టేస్తే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటుంది.

ఇక లెక్క. రెండు చక్రాల్లోనూ మామూలు ట్యూబులు తీసి టీపీయూ వేస్తే 138 గ్రాములు తగ్గుతుంది. అంటే సగం గ్లాసు నీళ్ళ బరువు. నేను, సైకిలు, నీళ్ళ సీసాలు, పనిముట్లు అన్నీ కలిపి సుమారు 70 కిలోలు. అందులో 138 గ్రాములంటే వెయ్యికి రెండు వంతులు. ఎక్కుడు మీద మన శక్తి దాదాపు అంతా బరువును పైకి మోయడానికే పోతుంది కాబట్టి, తగ్గిన బరువు వంతునే టైమూ తగ్గుతుంది. ఇరవై నిమిషాలు పట్టే గుట్టని ఈ ట్యూబులతో ఎక్కితే రెండున్నర సెకన్లు ముందు పైకి చేరతాను. అక్కడ నిలబడి ఆయాసం తీర్చుకునేది రెండు నిమిషాలు.

చక్రం అంచున ఉన్న బరువు రెట్టింపు లెక్కన్న మాట అబద్ధం కాదు. కాకపోతే అది వేగం పెంచేటప్పుడు మాత్రమే. అంచున ఉన్న ప్రతి గ్రామునీ ముందుకు తోయాలి, గుండ్రంగానూ తిప్పాలి. అందుకని ఒక గ్రాము అక్కడ రెండు గ్రాముల పని చేయిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరినప్పుడు, పందెంలో పక్కవాడు ఒక్కసారిగా ఎగబడితే వాడి వెనక పడినప్పుడు అది పనికొస్తుంది. ఒకే వేగంతో గంటల తరబడి తొక్కేవాళ్ళకి ఆ రెట్టింపు ఎక్కడా కనిపించదు. ఒకసారి తిరగడం మొదలుపెట్టిన చక్రం తన బరువుని తానే మోసుకుపోతుంది. నేను సిగ్నళ్ళు లేని హైవే మీద పదిహేను గంటలు తొక్కబోతున్నాను.

ఈ లెక్కల మధ్య సరదాకి ఇంకోటి వేశాను. ట్యూబులో గాలి ఎంత బరువుంటుంది? 28 మిల్లీమీటర్ల టైరు లోపల చోటు లీటరుంపావు చిల్లర. నా బరువుకు 65 పీఎస్‌ఐ వేసుకుంటాను. లెక్క కడితే ఒక్కో చక్రంలో గాలి ఎనిమిది గ్రాముల చిల్లర. రెండు చక్రాలకూ కలిపి పదిహేడు గ్రాములు దాటదు. 70 కిలోలని నేలకి తగలకుండా నిలబెట్టేది ఆ పదిహేడు గ్రాముల గాలి. ట్యూబు చేసేదల్లా దాన్ని పోనివ్వకుండా పట్టుకోవడం. అప్పటిదాకా ఏది తేలిక అని చూస్తున్నదాన్ని, అక్కడినుంచి ఏది పట్టుకుంటుంది అని చూడటం మొదలుపెట్టాను.

బరువు వల్ల పెద్ద లాభం లేకపోతే పెద్ద పెద్ద పందేల్లో తొక్కేవాళ్ళు లేటెక్స్ ఎందుకు వేసుకుంటారు? అది బరువు కోసం కాదు, సాగే గుణం కోసం. టైరు తిరిగేటప్పుడు నేలకి ఆనిన చోటల్లా నొక్కుకుపోయి మళ్ళీ లేస్తుంది. అలా నొక్కుకుపోయి లేచిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారి పోతుంది. బ్యూటైల్‌కి ఆ గుణం ఎక్కువ. తీసుకున్నది పూర్తిగా తిరిగివ్వదు. లేటెక్స్ చాలావరకు తిరిగిచ్చేస్తుంది. టీపీయూ సాధారణంగా ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. యంత్రాల మీద పెట్టి చూసిన పరీక్షల్లో బ్యూటైల్‌కీ లేటెక్స్‌కీ ఒక్కో టైరుకి ఒకటి రెండు వాట్ల తేడా వస్తుంది. నాలాంటిదాని కాళ్ళ నుంచి గంటలకొద్దీ వచ్చేది 120 వాట్లనుకుంటే, రెండు టైర్లకూ కలిపి మూడు వాట్లు తక్కువేం కాదు. బరువు ఇచ్చిన లాభం కంటే ఇదే ఎన్నో రెట్లు ఎక్కువ. 300 కిలోమీటర్ల మీద ఆరేడు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు మిగలొచ్చు.

పది నిమిషాలు. దారి పక్కన ఒక్క పంచరు వేసుకోవడానికి నాకు పట్టే టైము కంటే తక్కువ.

ఇది చూశాక ప్రశ్నే మారిపోయింది. ఏ ట్యూబు వేగంగా పోతుందన్నది పక్కకి పోయి, ఏ ట్యూబు ఎలా పాడవుతుంది, పాడైతే ఎక్కడ ఆపుతుంది, ఆగిన చోట నా చేతుల్తో బాగవుతుందా అన్నవి ముందుకొచ్చాయి.

గాలి టైరు చరిత్ర చదివితే ఈ ప్రశ్న కొత్తదేం కాదనిపిస్తుంది. బెల్ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు చేసి 1888లో పేటెంటు తీసుకున్నాడు. అంతకు నలభై ఏళ్ళ ముందే రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ మనిషి గాలి టైరుకు పేటెంటు తీసుకుని ఉన్నాడని తర్వాత తేలింది, డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. అది వేరే కథ. డన్‌లప్ టైరు హాయిగా, వేగంగా పోయేది. చిక్కేమిటంటే దాన్ని రిమ్ముకి జిగురుతో అంటించేవాళ్ళు. పంచరైతే ఊడదీయడానికి గంటలు, మళ్ళీ అంటించాక ఆరడానికి ఒక రాత్రి. ఫ్రాన్స్‌లో మిషెలిన్ సోదరుల కార్ఖానాకి ఒకతను అలాంటి టైరుతో వచ్చాడనీ, దాంతో కుస్తీ పట్టాకే విప్పి తీసే టైరు చేయాలన్న ఆలోచన వాళ్ళకు వచ్చిందనీ చెప్పుకుంటారు. 1891లో మొదటి పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెంలో షార్ల్ తెరోన్ ఆ విప్పి తీసే టైర్ల మీదే తొక్కాడు. సుమారు 1,200 కిలోమీటర్లు మూడు రోజుల్లోపే పూర్తి చేసి గెలిచాడు. ఇప్పుడు మనం చేసే 200, 300, 400, 600 బ్రెవేలన్నీ నాలుగేళ్ళకోసారి జరిగే ఆ పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి అర్హత మెట్లే. ఆ దారిలో మొట్టమొదట గెలిచిన టైరు గొప్పతనం తేలికగా ఉండటంలో లేదు, దారి పక్కన బాగుచేసుకోగలగడంలో ఉంది.

లేటెక్స్‌ని అమ్మేవాళ్ళు 'సహజం' అనే మాట వాడతారు. చెట్టు పాలే కాబట్టి అబద్ధం కాదు. కానీ ఆ పాలు తీసిన చేతులు కూడా ఉన్నాయి. గాలి టైర్ల గిరాకీ పెరిగిన ఆ 1890ల్లోనే కాంగోలో బెల్జియం రాజు లియొపోల్డ్ మనుషులు రబ్బరు తక్కువ తెచ్చినవాళ్ళ ఊళ్ళు తగలబెట్టారు, చేతులు నరికారు. రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1904లో వచ్చాక గానీ ప్రపంచం గట్టిగా నోరు విప్పలేదు. తర్వాత రబ్బరు మలయా తోటలకు మారింది. అక్కడికి కూలికి పోయినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు, వాళ్ళతోపాటు మన ఉత్తర కోస్తా నుంచి, గోదావరి వైపు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ళు. ఇవాళ మలేషియాలో తెలుగు మాట్లాడే కుటుంబాల్లో చాలామంది ముత్తాతలు ఆ రబ్బరు చెట్లకు గాట్లు పెట్టినవాళ్ళే. 1942లో మలయా జపాన్ చేతికి పోయింది. అమెరికాకి రబ్బరు రావడం ఆగింది. 1937లోనే ఒక అమెరికన్ చమురు కంపెనీ ప్రయోగశాలలో తయారైన బ్యూటైల్ అప్పుడు ట్యూబుల్లోకి వచ్చింది. గాలిని పట్టి ఉంచడంలో చెట్టు రబ్బరు కంటే అది ఎంతో మెరుగని తేలింది. యుద్ధం అయిపోయాక కూడా అదే నిలబడింది. నల్లటి మామూలు ట్యూబుని ఇంత తక్కువగా చూస్తాం గానీ, నెలకోసారి పట్టించుకున్నా పనిచేసే గుణం దానికి అలా వచ్చింది.

లేటెక్స్ అలా ఊరుకోదు. రాత్రి గాలి కొట్టి పడుకుంటే పొద్దున్నకి దిగిపోయి ఉంటుంది. రోజూ కొట్టాల్సిందే. ఇంట్లో గేజీ ఉన్న పెద్ద పంపు ఉన్నవాళ్ళకి అది ఇబ్బంది కాదు. కానీ 300 బ్రెవేలో పద్దెనిమిది గంటలు బయట ఉంటాను. సాయంత్రానికి టైరు ఎంత మెత్తబడుతుందో చూసుకుంటూ, చేతి పంపుతో మళ్ళీ కొట్టుకుంటూ పోవాలి. అలిసిపోయిన మనిషికి పని పెంచే వస్తువు అది.

ఇప్పుడు అసలు సంగతి. మా గుంపులో మగవాళ్ళు ట్యూబు గురించి మాట్లాడేటప్పుడు గ్రాములు చెప్తారు, వాట్లు చెప్తారు. నా లెక్కలో అవి ఉంటాయి, వాటితోపాటు ఇంకోటి ఉంటుంది. పెట్రోలు బంకుకీ పెట్రోలు బంకుకీ మధ్య దూరం. ఏ బంకులో రాత్రి పదిన్నర దాకా లైట్లుంటాయి, ఏ ధాబా ముందు కుటుంబాలు ఆగుతాయి, ఏ ధాబా ముందు లారీలు మాత్రమే ఆగుతాయి, ఏ టోల్ గేటు దగ్గర పోలీసు బండి ఉంటుంది. జడ్చర్ల దారిలో ఇవన్నీ నాకు వరుసగా తెలుసు. పంచరంటే వాళ్ళకి పదిహేను నిమిషాలు. నాకు ఆ పదిహేను నిమిషాలు ఎక్కడ అన్నది ముఖ్యం. చీకట్లో హెల్మెట్ లైటు వెలుగులో, రోడ్డుకి వీపు పెట్టి, రెండు చేతులూ టైరు మీద ఉంచి, కూర్చుని ఉండే పదిహేను నిమిషాలు.

అందుకే ట్యూబు ఒక్కసారిగా పోతుందా, మెల్లగా పోతుందా అన్నది నాకు గ్రాముల కంటే పెద్ద విషయం. సన్నటి తీగో ముల్లో దిగినప్పుడు మందపాటి బ్యూటైల్ చాలాసార్లు మెల్లగా దిగుతుంది. ఒకసారి పంపు కొట్టుకుని రెండు మూడు కిలోమీటర్లు, మళ్ళీ కొట్టుకుని ఇంకో రెండు, అలా లైట్లున్న చోటికి చేరొచ్చు. అలా చేరాను కూడా. టీపీయూ విషయంలో, ముఖ్యంగా చౌక రకాల్లో, ట్యూబుకి వాల్వు అతికిన చోట ఊడిపోయిందని తోటివాళ్ళు చెప్పగా రెండు మూడుసార్లు విన్నాను. అలా పోతే పంపు కొట్టుకుంటూ పోవడం అనేది ఉండదు.

ముళ్ళ నుంచి కాపాడేది ట్యూబు కాదు, టైరు. అది కూడా చెప్పాలి. మన రోడ్ల అంచున పల్లేరు కాయలుంటాయి, సర్కారు తుమ్మ కంపలుంటాయి, పగిలిన బీరు సీసాలుంటాయి. హైవేల మీద అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకునేవి పేలిపోయిన లారీ టైర్లలోంచి రాలిన ఇనప తీగలు. వెంట్రుకంత సన్నగా ఉంటాయి. టైరు నడుమ గట్టి పట్టీ ఉంటే వాటిలో కొన్ని ఆగుతాయి. లోపలిదాకా వచ్చాక ట్యూబు 106 గ్రాములదైనా, 37 గ్రాములదైనా ఆపేదేం లేదు.

పోయిన డిసెంబరులో షాద్‌నగర్ దాటాక అలాంటి తీగే దిగింది. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. వెనక చక్రం మెత్తబడుతోందని తెలుస్తూనే ఉంది. ఒకసారి గాలి కొట్టి, కిలోమీటరున్నర పోయాక వేపచెట్టుకి వేలాడదీసిన పాత టైరు కనిపించింది. మన దారుల్లో పంచరు షాపుకి బోర్డు అదే. లోపల్నుంచి యాభై ఏళ్ళ మనిషి దుప్పటి మడత పెడుతూ వచ్చాడు. లారీ టైర్లు చేసే షాపు.

"సైకిల్ పంచరేసి మస్తు రోజులాయె బిడ్డా" అన్నాడు.

నేనే వేసుకుంటానన్నా, నీళ్ళ తొట్టి ఉంటే చాలన్నాను. ఒకసారి నా వైపు చూసి తొట్టి తెచ్చి ముందు పెట్టాడు. చక్రం విప్పి, లివరుతో టైరు ఒక పక్క తీసి, ట్యూబు లాగి నీళ్ళలో ముంచాను. బుడగలు సన్నగా వస్తున్నాయి. బెజ్జం దొరికింది గానీ టైరులో దిగింది ఏమిటో దొరకలేదు. వేళ్ళతో తడిమితే తగలట్లేదు. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేసినా అయిదు నిమిషాల్లో మళ్ళీ అంతే. ఆయన కాసేపు చూసి, చిరిగిన బనీను గుడ్డ ముక్క తీసుకుని టైరు లోపలంతా తిప్పాడు. ఒక చోట గుడ్డ పోగు తట్టుకుని ఆగింది. అక్కడ గోటికి కూడా అందని తీగ ముక్క. ముక్కుపటకారుతో పీకి నా అరచేతిలో పెట్టాడు. "లారీ టైరుది. దీనితోనే మా కడుపు నిండుతది" అని నవ్వాడు.

గరుకు కాగితంతో రుద్ది, ఆయన డబ్బాలోని సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, ప్యాచ్ అంటించాను. అది ఆరేలోపు నా సంచీలోంచి బయట పెట్టిన టీపీయూ ట్యూబు ఆయన కంటపడింది. తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గిదేంది, సెలైన్ పైపు లెక్క ఉంది?"

"అది కూడా ట్యూబేనన్నా. కొత్త రకం."

"దీనికి ఈ ప్యాచ్ పడుతదా?"

"పడదన్నా. ఈ సొల్యూషన్ పట్టదు. దానికి వేరే స్టిక్కరు వస్తది."

"గట్లనా" అని మళ్ళీ మడతపెట్టి జాగ్రత్తగా నా చేతికిచ్చాడు. "అయితే మా అసొంటోళ్ళతోని పనిలేదన్నట్టు."

ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్న మాట అన్నాడు. నా సన్నటి ఫ్రెంచి వాల్వు ఆయన కంప్రెసరు మూతికి పట్టకపోతే, నా దగ్గరున్న చిన్న ఇత్తడి బిళ్ళ బిగించి గాలి పట్టుకున్నాను. ఇరవై రూపాయలు తీసుకున్నాడు, ప్యాచ్‌కే, గాలికి వద్దన్నాడు.

ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది. డన్‌లప్ నుంచి మిషెలిన్ దాకా జరిగింది బాగుచేసుకోగలిగే వైపు ప్రయాణం. ఊళ్ళలో సైకిల్ షాపులన్నీ ఆ ఒక్క గుణం మీద బతికాయి. నల్ల ట్యూబుకి ఏ ఊళ్ళోనైనా అతుకు పడుతుంది. ఒకే ట్యూబుకి పది పన్నెండు అతుకులతో ఏళ్ళ తరబడి తిరిగిన సైకిళ్ళు మన ఇళ్ళలోనే ఉండేవి. టీపీయూకి అతుకు లేకపోలేదు. దానికి తగిన స్టిక్కరు, శుభ్రం చేసే స్పిరిటు గుడ్డ, తడి లేని చేతులు ఉంటే పడుతుంది. ఇంట్లో బల్ల మీద నేను వేశాను, నిలబడింది. కానీ ఆ స్టిక్కరు నేను తెచ్చుకుంటేనే ఉంటుంది. దారిలో అది అమ్మే మనిషి లేడు, వేసే మనిషీ లేడు. టైరు బయట ఉండగా కాస్త ఎక్కువ గాలి కొట్టినా అది సాగిపోయి మళ్ళీ మునుపటిలా అవదు. కాబట్టి బెజ్జం వెతకడం కూడా కష్టమే. ఎక్కువమంది చేసేది పారేసి కొత్తది వేసుకోవడం.

అలాగని ఆ తెల్లవారుజాము గురించి మురిసిపోయి, 'దారి పక్క మనుషుల్ని నమ్ముకుంటే చాలు' అని రాయలేను. ఆ మనిషి మంచివాడు. అదే షాపు ముందు రాత్రి పదకొండింటికి నలుగురు తాగి కూర్చుని ఉంటే నేను మెత్తటి టైరుతోనే ముందుకు పోయేదాన్ని, రిమ్ము పోయినా సరే. ఆయన మీద ఆధారపడగలగాలి, ఆధారపడకుండానూ పోగలగాలి. ట్యూబు ఎంపికలో నాకు కావలసింది ఆ రెండూ.

అలా చూసుకుంటే నిర్ణయం సులువైంది. రెండు చక్రాల్లోనూ 106 గ్రాముల మామూలు బ్యూటైల్ ఉంచేశాను. పల్చటి బ్యూటైల్ ఎందుకు కాదంటే, 28 గ్రాముల కోసం గోడ మందం తగ్గించుకోవడం, గాలి ఇంకాస్త తొందరగా దిగడం నాకు గిట్టుబాటుగా అనిపించలేదు. జీను కింద సంచీలో రెండు టీపీయూలు పెట్టాను. రెండూ కలిపి 74 గ్రాములు, ఒక్క నల్ల ట్యూబు కంటే తక్కువ. ఇదివరకు ఒక్క స్పేరు ట్యూబుకే నిండిపోయే సంచీలో ఇప్పుడు రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, సొల్యూషన్, రెండు లివర్లు, ఇత్తడి బిళ్ళ, ఒక బనీను గుడ్డ ముక్క పడుతున్నాయి. చీకట్లో పోతే అతుకు జోలికి పోకుండా స్పేరు వేసుకుని అయిదారు నిమిషాల్లో కదిలిపోవడానికి టీపీయూ. పగలు పోతే ఎవరి తొట్టిలోనైనా ముంచి అతికించుకోవడానికి బ్యూటైల్. మిగిలిన డబ్బు మంచి పట్టీ ఉన్న టైర్ల మీద పెట్టాను.

ఇది నా లెక్క మాత్రమే. నా సైకిలుకి రిమ్ము బ్రేకులు. గుట్ట దిగుతూ చాలాసేపు బ్రేకు పట్టుకుంటే రిమ్ము వేడెక్కుతుంది. టీపీయూకి వేడి పడదు. ఆ రకాల్లో మరీ తేలికైన కొన్నిటిని డిస్కు బ్రేకులకు మాత్రమే అని తయారీదారులే రాస్తారు. డిస్కు బ్రేకులున్నవాళ్ళకి ఆ దిగులు లేదు. నా స్నేహితురాలు ఒకామె ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ మీదే తొక్కుతుంది. 23 కిలోమీటర్లు, పైన సౌరఫలకాల కప్పు, లైట్లు, నున్నటి దారి. ఆమె లేటెక్స్ వేసుకుంది. రోజూ పొద్దున్నే గాలి కొట్టుకుంటుంది. ఆ మెత్తదనం తెలుస్తుందంటుంది, నేనూ ఒక రౌండు తొక్కి చూశాను, నిజమే, తెలుస్తుంది. పంచరైతే చక్రం పట్టుకుని పార్కింగుదాకా నడిచొస్తుంది. ఊరంతా అలాంటి దారులుంటే నేనూ అదే వేసుకుందును. తేలిక ట్యూబు ముందు అడిగేది మన కాళ్ళ బలం గురించి కాదు. దారి ఎవరు ఊడుస్తున్నారు, లైట్లు ఎవరు వేస్తున్నారు అని అడుగుతుంది.

300 ఫిబ్రవరిలో అయిపోయింది. 18 గంటల 20 నిమిషాలు. పంచరు ఒక్కటీ కాలేదు. అది ట్యూబుల గొప్పతనమని చెప్పను. ఆ రోజు తీగ తగల్లేదు, అంతే. సంచీ విప్పే అవసరమే రాలేదు. కానీ చీకటి పడ్డాక, జడ్చర్ల నుంచి వెనక్కి వచ్చేటప్పుడు, కింద చిన్న చప్పుడైన ప్రతిసారీ వెనక చక్రం వైపు చూడటం మానేశానని షాద్‌నగర్ దగ్గర టీ తాగుతుంటే గుర్తొచ్చింది. ఆ గ్రాములన్నీ, వాట్లన్నీ కలిపి నాకు ఇవ్వలేనిది అది.

పోయిన వారం గుంపులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి అడిగింది, "అక్కా, టీపీయూ ఏ కంపెనీది కొనమంటావు?" అని. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, మొన్ననే సెకండ్ హ్యాండ్ రోడ్ బైకు కొనుక్కుంది.

"టైరు విప్పడం వచ్చా?" అన్నాను.

"రాదు. పంచరైతే అన్నయ్యకి ఫోన్ చేస్తా."

"ఆదివారం రైడ్ అయిపోయాక మా ఇంటికి రా. పాత ట్యూబు ఒకటి తెచ్చుకో, బెజ్జం నేను పెడతా. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం."

వస్తానంది. బొటనవేళ్ళు నొప్పిపుడతాయని ముందే చెప్పాను.